డబుల్ గ్లేజింగ్ కిటికీల మార్పిడి ఖర్చు

డబుల్ గ్లేజింగ్ అనగా కిటికీ చట్రంలో ఒక గాజు పలకకు బదులు రెండు గాజు పలకలను, వాటి నడుమ కొద్దిపాటి ఖాళీ ఉండేటట్లు బిగించే పద్ధతి. దీనిని తెలుగులో జంట గాజు కిటికీ అని చెప్పుకొనవచ్చును. చలి దేశాలలో ఇంటిలోని వేడి కిటికీల గుండా బయటకు పోకుండా ఉండటానికి ఈ పద్ధతిని వాడతారు. యునైటెడ్ కింగ్‌డమ్‌లో పాత కిటికీలను తీసివేసి జంట గాజు కిటికీలను పెట్టించుకోవడం ఇంటి యజమానులు చేయించే పెద్ద ఖర్చులలో ఒకటి. ఈ ఖర్చు వేడి కోసం కట్టే బిల్లులో ఆదా రూపంగా తిరిగి వస్తుందని సాధారణంగా భావిస్తారు. కాని గ్యాసుతో వేడి చేసుకునే ఇంటిలో, కేవలం ఆ ఆదా వలననే ఖర్చు తిరిగి రావడానికి పట్టే కాలం చాలా సందర్భాలలో కిటికీ ఆయుష్షు కంటె ఎక్కువగా ఉంటుంది. అందుచేత ఈ మార్పిడి లాభనష్టాలను తెలుసుకోవడానికి ఇంధనపు ఆదాతో పాటు ఇతర అంశాలను కూడ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

నిర్మాణం

జంట గాజు పలకను కర్మాగారంలోనే తయారు చేసి, అంచుల చుట్టూ గాలి చొరకుండా మూసివేస్తారు. ఇళ్ళ కిటికీలలో ఒక్కొక్క గాజు పలక మందం సాధారణంగా 4 మిల్లీమీటర్లు, నడుమ ఖాళీ 16 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ రెండు పలకలను అంచుల వద్ద ఒక పట్టీ వేరుచేస్తుంది. ఈ పట్టీ లోపల తేమను పీల్చుకునే గుళికలను నింపుతారు. ఖాళీలో తేమ లేని గాలిని గాని, ఆర్గాన్ వాయువును గాని నింపుతారు. ఆర్గాన్‌కు ఉష్ణవాహకత గాలి కంటె తక్కువ.

నడుమ ఖాళీ ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకొనరాదు. ఖాళీ మరీ సన్నగా ఉంటే వేడి ఒక పలక నుండి మరొక పలకకు సులభంగా ప్రవహిస్తుంది. మరీ వెడల్పుగా ఉంటే లోపలి వాయువు పైకి క్రిందికి తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. 16 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఈ రెండు నష్టాలూ తక్కువగా ఉంటాయి.

నేటి జంట గాజులలో లోపలి పలకకు, ఖాళీ వైపున, కంటికి కనిపించనంత పలుచని లోహపు పూత పూస్తారు. ఇది వెలుతురును రానిచ్చి, గదిలోని ఉష్ణ వికిరణాన్ని తిరిగి గదిలోకే పంపుతుంది. ఈ పూతకు వెండిని గాని, తగరపు ఆక్సైడును గాని వాడతారు. జంట గాజు పనితనంలో రెండవ పలక ఎంత ముఖ్యమో ఈ పూత కూడ అంతే ముఖ్యం.

చరిత్ర

బ్రిటనులో కిటికీకి, ఖర్చుకు సంబంధం చాలా పాతది. ఇంగ్లాండులో 1696లో ఇంటికి ఉన్న కిటికీల సంఖ్యను బట్టి పన్ను విధించారు. ఈ కిటికీ పన్ను 1851 వరకు అమలులో ఉన్నది. పన్ను తప్పించుకొనుటకు కొందరు కిటికీలను ఇటుకలతో మూసివేశారు. గాజుపై వేరుగా ఉన్న సుంకాన్ని 1845లో రద్దు చేశారు.

రెండు గాజు పలకలను అంచుల వద్ద కలిపి మూసివేసే పద్ధతికి 1865లో అమెరికాలో థామస్ స్టెట్సన్ పేటెంటు పొందాడు. అయితే ఇటువంటి గాజులు విరివిగా వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది. బ్రిటనులో పిల్కింగ్‌టన్ సంస్థ కరిగిన తగరంపై గాజును తేలనిచ్చి చదునైన పలకలు తయారు చేసే పద్ధతిని 1959లో ప్రకటించింది. దీనితో వంకర లేని గాజు చవకగా లభించసాగింది. 1970లలో చమురు ధరలు పెరగడంతో ఇంధనం ఆదా చేయవలసిన అవసరం ఏర్పడింది. తరువాత యు.పి.వి.సి. ప్లాస్టిక్ చట్రాలు రావడంతో 1980లలో బ్రిటనులో ఈ వ్యాపారం బాగా విస్తరించింది.

నేడు ఇంగ్లాండులోని ఇళ్ళలో పదింట ఎనిమిదికి పైగా పూర్తిగా జంట గాజు కిటికీలతో ఉన్నాయి. కాబట్టి ఇప్పుడు అక్కడ జరిగే మార్పిడిలో ఒంటి గాజు తీసి జంట గాజు పెట్టడం కొంత భాగమే. పాత జంట గాజు తీసి కొత్త జంట గాజు పెట్టడం మరొక పెద్ద భాగం. ఖర్చు లెక్కలో ఈ రెండింటికీ చాలా తేడా ఉన్నది.

యు-విలువ

కిటికీ గుండా వేడి ఎంత వేగంగా పోతుందో తెలిపే కొలతను యు-విలువ అంటారు. ఇంటి లోపల, బయట ఉష్ణోగ్రతల మధ్య ఒక డిగ్రీ తేడా ఉన్నపుడు, ఒక చదరపు మీటరు వైశాల్యం గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో అది ఆ కిటికీ యు-విలువ. ఈ సంఖ్య ఎంత తక్కువైతే కిటికీ అంత మంచిది. చట్రంతో కలిపి చూస్తే ఈ విలువలు సుమారుగా ఈ విధంగా ఉంటాయి.

* ఒంటి గాజు కిటికీ - 4.8
* పూత లేని, గాలి నింపిన పాత జంట గాజు కిటికీ - 2.8
* పూత, ఆర్గాన్ ఉన్న నేటి జంట గాజు కిటికీ - 1.2 నుండి 1.4
* మూడు గాజుల కిటికీ - 0.8 నుండి 1.0

ఒంటి గాజు నుండి పాత రకం జంట గాజుకు మారినపుడు తగ్గేది 2.0. నేటి జంట గాజు నుండి మూడు గాజులకు మారినపుడు తగ్గేది 0.4 ప్రాంతంలో మాత్రమే. మెరుగుదల పెరిగే కొద్దీ ప్రతి తదుపరి మెట్టు వలన కలిగే ఆదా తగ్గుతూ వస్తుందని దీనిని బట్టి తెలుస్తుంది.

ఖర్చును నిర్ణయించే అంశాలు

ఒక కిటికీ మార్పిడికి అయ్యే మొత్తంలో గాజు ధర ఒక భాగం మాత్రమే. మిగిలినది చట్రం, పనివారి కూలి, పాత కిటికీ తొలగింపు, అమ్మకపు ఖర్చులు, పన్ను మొదలైనవి.

చట్రం: అన్నిటికంటె చవకైనది యు.పి.వి.సి. చట్రం. 2020లలో ఒక మోస్తరు పరిమాణం గల, తలుపు వలె తెరుచుకునే యు.పి.వి.సి. కిటికీకి బిగింపుతో కలిపి సుమారు 500 నుండి 1,000 పౌండ్ల వరకు అవుతుంది. అల్యూమినియం చట్రానికి ఇంతకంటె ఎక్కువ అవుతుంది. కొయ్య చట్రానికి రెండింతలు గాని, అంతకు మించి గాని కావచ్చును. కొయ్య చట్రానికి కొన్ని ఏళ్ళకొకసారి రంగు వేయించే ఖర్చు కూడ ఉంటుంది.

తెరుచుకునే తీరు: తెరుచుకోని కిటికీ చవక. ప్రక్కకు తెరుచుకునే కిటికీకి బందులు, గొళ్ళేలు కావాలి. పైకి క్రిందికి జరిగే పాతకాలపు రెక్కల కిటికీ అన్నిటికంటె ఖరీదైనది.

గాజు బరువు: ఒక మిల్లీమీటరు మందం గల గాజు చదరపు మీటరుకు 2.5 కిలోల బరువు ఉంటుంది. దీని ప్రకారం 4 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిస్తే చదరపు మీటరుకు 20 కిలోలు, మూడు కలిస్తే 30 కిలోలు. పెద్ద కిటికీలకు బలమైన చట్రం, ఎక్కువ మంది పనివారు అవసరమవుతారు.

ఎత్తు: పై అంతస్తుల పనికి పరంజా కట్టవలసి వస్తే దాని ఖర్చు వేరుగా చేరుతుంది.

భద్రతా గాజు: ఇంగ్లాండులో నేలకు 800 మిల్లీమీటర్ల లోపు ఎత్తులో ఉండే కిటికీ గాజు, తలుపులలోనూ వాటి ప్రక్కనా 1,500 మిల్లీమీటర్ల లోపు ఎత్తులో ఉండే గాజు పగిలినపుడు గాయపరచని రకమై ఉండాలి. ఇది మామూలు గాజు కంటె ఖరీదు ఎక్కువ.

పన్ను: బ్రిటనులో విలువ ఆధారిత పన్ను 2011 జనవరి 4 నుండి 20 శాతంగా ఉన్నది. 2022 ఏప్రిల్ 1 నుండి 2027 మార్చి 31 వరకు ఇళ్ళలో అమర్చే కొన్ని ఇంధన ఆదా సామగ్రిపై ఈ పన్నును సున్నాకు తగ్గించారు. అటకపై, గోడలలో వేసే ఉష్ణ నిరోధక పొరలు, సౌర ఫలకాలు, హీట్ పంపులు ఈ జాబితాలో ఉన్నాయి. జంట గాజు కిటికీలు ఇందులో లేవు. అందువలన 5,000 పౌండ్ల పనికి వినియోగదారుడు 6,000 పౌండ్లు చెల్లించవలసి వస్తుంది.

ఎనిమిది నుండి పది కిటికీలు ఉన్న ఒక ఇంటికి యు.పి.వి.సి. చట్రాలతో మొత్తం ఖర్చు సుమారు 5,000 నుండి 10,000 పౌండ్ల మధ్య ఉంటుంది.

ఖర్చు తిరిగి వచ్చే కాలం

ఒక ఉదాహరణ ద్వారా దీనిని లెక్కించవచ్చును. ఒక ఇంటికి కిటికీల వైశాల్యం మొత్తం 15 చదరపు మీటర్లు, మార్పిడి ఖర్చు 8,000 పౌండ్లు అనుకుందాము. కొత్త కిటికీల యు-విలువ 1.4.

ఒక ప్రాంతంలో ఏడాది మొత్తం మీద చలి ఎంత ఉందో తెలుపుటకు డిగ్రీ-దినము అనే కొలతను వాడతారు. బయటి ఉష్ణోగ్రత 15.5 డిగ్రీల సెల్సియస్ కంటె ఎన్ని డిగ్రీలు తగ్గినది, ఎన్ని రోజులు తగ్గినది అనే రెండింటినీ గుణించి, ఏడాది మొత్తానికి కూడితే ఈ సంఖ్య వస్తుంది. ఇంగ్లాండులో ఇది సుమారు 2,000 ఉంటుంది. దీనిని 24తో గుణిస్తే 48,000 డిగ్రీ-గంటలు.

పాత కిటికీలు ఒంటి గాజువి అయితే యు-విలువలో తగ్గుదల 4.8 - 1.4 = 3.4. దీనిని 15 చదరపు మీటర్లతోను, 48,000 డిగ్రీ-గంటలతోను గుణిస్తే ఏడాదికి సుమారు 2,450 యూనిట్ల వేడి మిగులుతుంది. ఒక యూనిట్ అనగా ఒక కిలోవాట్-గంట. గ్యాసు బాయిలరు సామర్థ్యం 90 శాతం అనుకుంటే మిగిలే గ్యాసు సుమారు 2,720 యూనిట్లు. ఇదే ఇంటికి ఇతర పరిస్థితులలో ఫలితాలు క్రింది విధంగా ఉంటాయి.

* ఒంటి గాజు, గ్యాసు యూనిట్ 6 పెన్నీలు: ఏడాదికి ఆదా 163 పౌండ్లు, ఖర్చు తిరిగి రావడానికి సుమారు 49 ఏళ్ళు.
* ఒంటి గాజు, గ్యాసు యూనిట్ 10 పెన్నీలు: ఆదా 272 పౌండ్లు, సుమారు 29 ఏళ్ళు.
* ఒంటి గాజు, విద్యుత్ హీటర్లు, యూనిట్ 25 పెన్నీలు: ఆదా 612 పౌండ్లు, సుమారు 13 ఏళ్ళు.
* పాత జంట గాజు, గ్యాసు యూనిట్ 6 పెన్నీలు: ఆదా 67 పౌండ్లు, సుమారు 119 ఏళ్ళు.

జంట గాజు పలకల అంచు మూత సాధారణంగా 20 నుండి 25 ఏళ్ళు పనిచేస్తుంది. అమ్మకందారులు ఇచ్చే హామీ ఎక్కువగా 10 ఏళ్ళు. కాబట్టి పై వాటిలో విద్యుత్ హీటర్లు వాడే ఇంటిలో మాత్రమే ఖర్చు కిటికీ ఆయుష్షులోపు తిరిగి వస్తుంది. పాత జంట గాజును కేవలం ఇంధనపు ఆదా కొరకు మార్చడం ఏ విధంగానూ గిట్టుబాటు కాదు.

ఈ లెక్కలో కొన్ని అంశాలు చేరలేదు. పాత కిటికీ సందుల గుండా వచ్చే చలిగాలి ఆగిపోవడం వలన ఆదా కొంత పెరుగుతుంది. పూత వలన లోపలికి వచ్చే ఎండ వేడి తగ్గడం, చలి తగ్గినపుడు ఇంటివారు గదులను మునుపటి కంటె వెచ్చగా ఉంచుకోవడం వలన ఆదా కొంత తగ్గుతుంది. ఇంధన ధరలు కూడ స్థిరంగా ఉండవు. ఉక్రెయిన్ యుద్ధం తరువాత 2022 అక్టోబరులో బ్రిటను ప్రభుత్వం గ్యాసు ధరను యూనిట్‌కు సగటున సుమారు 10 పెన్నీల వద్ద నిలిపింది. అంత ధర వద్ద కూడ ఒంటి గాజు మార్పిడి ఖర్చు తిరిగి రావడానికి 29 ఏళ్ళు పడుతుందని పై జాబితా తెలుపుతున్నది.

ఇతర ప్రయోజనాలు

పై లెక్కను బట్టి జంట గాజు నిరుపయోగమని అనుకొనరాదు. దాని ప్రయోజనాలు కొన్ని బిల్లులో కనిపించవు.

బయట 0 డిగ్రీలు, గదిలో 20 డిగ్రీలు ఉన్నపుడు ఒంటి గాజు లోపలి తలం సుమారు 5 డిగ్రీల వద్ద ఉంటుంది. పూత గల జంట గాజు లోపలి తలం సుమారు 17 డిగ్రీల వద్ద ఉంటుంది. గదిలో తేమ 50 శాతం ఉంటే సుమారు 9 డిగ్రీల వద్ద గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. అందుచేతనే ఒంటి గాజు మీద రాత్రంతా నీరు పట్టి, క్రిందికి కారి, కొయ్య చట్రం కుళ్ళిపోతుంది, గోడకు బూజు పడుతుంది. జంట గాజు మీద ఈ బెడద చాలా వరకు ఉండదు. కిటికీ ప్రక్కన కూర్చున్నపుడు కలిగే చలి కూడ తగ్గుతుంది.

వీధి చప్పుడు కొంత తగ్గుతుంది. గట్టి గొళ్ళేల వలన దొంగల భయం తగ్గుతుంది. చలికాలంలో పిల్లలు, వృద్ధులు, శ్వాస సంబంధ వ్యాధులు ఉన్నవారు నివసించే ఇళ్ళలో తేమ, బూజు తగ్గడం బిల్లులో ఆదా కంటె ముఖ్యమైన విషయం.

నిబంధనలు

ఇంగ్లాండు, వేల్స్‌లలో 2002 ఏప్రిల్ 1 నుండి కిటికీల మార్పిడి భవన నిర్మాణ నిబంధనల పరిధిలోకి వచ్చింది. పని నిబంధనల ప్రకారం జరిగినదని స్థానిక సంస్థ చేత గాని, ఫెన్సా వంటి పథకంలో నమోదైన బిగింపుదారు చేత గాని ధ్రువపత్రం పొందాలి. ఇల్లు అమ్మే సమయంలో కొనుగోలుదారు తరఫు న్యాయవాది ఈ పత్రాన్ని అడుగుతాడు.

ఇంగ్లాండులో 2022 జూన్ 15 నుండి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం ఇళ్ళలో మార్చే కొత్త కిటికీ యు-విలువ 1.4కు మించరాదు, లేదా అది ఇంధన శ్రేణులలో కనీసం బి శ్రేణిలో ఉండాలి. కొత్త కిటికీ వలన ఇంటిలో గాలి ప్రసారం మునుపటి కంటె తగ్గరాదు. అందువలన చట్రం పైభాగాన సన్నని గాలి రంధ్రాలు అమర్చవలసి వస్తుంది. వీటిని మూసి ఉంచితే పాత సందులు కూడ లేకపోవడంతో ఇంటిలో తేమ పేరుకుపోవచ్చును.

చారిత్రక ప్రాముఖ్యం గల భవనాల జాబితాలో ఉన్న ఇళ్ళలో కిటికీలు మార్చడానికి ప్రత్యేక అనుమతి అవసరం. అనుమతి లేకుండా మార్చడం నేరం.

తక్కువ ఖర్చు మార్గాలు

గాజు మాత్రమే మార్చుట: జంట గాజు నడుమ మసకగా నీటి ఆవిరి కనిపిస్తే అంచు మూత చెడిపోయినదని అర్థం. ఇటువంటపుడు చట్రం బాగుంటే దానిని ఉంచి జంట గాజు పలకను మాత్రమే మార్చవచ్చును. దీనికి ఒక కిటికీకి సుమారు 80 నుండి 250 పౌండ్లు అవుతుంది. పూత, ఆర్గాన్ ఉన్న కొత్త పలక పెడితే వేడి నష్టం కూడ తగ్గుతుంది.

రెండవ కిటికీ: పాత ఒంటి గాజు కిటికీని అలాగే ఉంచి, గది లోపలి వైపున మరొక గాజు రెక్కను అమర్చడం. చారిత్రక భవనాలలో ఇది ఎక్కువగా వాడుకలో ఉన్నది. రెండు గాజుల మధ్య ఖాళీ 100 నుండి 200 మిల్లీమీటర్లు ఉంటే చప్పుడును ఆపడంలో ఇది మామూలు జంట గాజు కంటె మెరుగైనది.

సందులు మూయుట: రెక్కల అంచులకు రబ్బరు గాని, కుచ్చు గాని గల పట్టీలు అంటించి, ఊడిన లప్పం తిరిగి పెట్టి, చలిగాలిని ఆపవచ్చును. ఇది అన్నిటికంటె చవకైన పని. దళసరి తెరలు, కొయ్య తలుపులు రాత్రివేళ వేడి నష్టాన్ని మరికొంత తగ్గిస్తాయి.

ఇంటి అటకపై ఉష్ణ నిరోధక పొర లేని పక్షంలో కిటికీల కంటె ముందుగా దానిని వేయించడం మేలు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆదా ఇచ్చేది అదే.

ఒప్పందంలో జాగ్రత్తలు

బ్రిటనులో ఈ వ్యాపారం చాలా కాలం ఇంటింటికీ తిరిగే అమ్మకందారుల మీద ఆధారపడినది. ముందుగా హెచ్చు ధర చెప్పి, వెంటనే సంతకం చేస్తే సగం తగ్గిస్తామనడం పేరుపడిన పద్ధతి. కనీసం ముగ్గురి నుండి ధరలు తెలుసుకొని, పన్నుతో కలిపి, యు-విలువతో సహా వ్రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం.

వినియోగదారుని ఇంటి వద్ద చేసుకున్న ఒప్పందాలను 14 రోజులలో రద్దు చేసుకునే హక్కును 2013 నాటి నిబంధనలు కల్పించాయి. కాని ఆ ఇంటి కొలతలకే ప్రత్యేకంగా తయారు చేసే వస్తువులకు ఈ హక్కు వర్తించదు. కిటికీలు అటువంటివే. కొన్ని సంస్థలు స్వచ్ఛందంగా గడువు ఇస్తాయి గనుక ఒప్పందంలో ఈ విషయాన్ని చదువుకోవాలి.

సంస్థ మూతపడితే ముందుగా చెల్లించిన సొమ్ము, హామీ రెండూ పోయే ప్రమాదం ఉన్నది. దేశమంతటా వ్యాపారం చేసిన సేఫ్‌స్టైల్ అనే పెద్ద సంస్థ కూడ 2023 అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. సంస్థ లేకపోయినా వర్తించే బీమా హామీ తీసుకోవడం ఇందుకు ఒక రక్షణ. ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ఉన్నపుడు, అడ్వాన్సును క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షను ప్రకారం కార్డు ఇచ్చిన బ్యాంకుకు కూడ బాధ్యత ఉంటుంది.

వేడి ప్రాంతాలలో

పై లెక్కలు చలి దేశానికి సంబంధించినవి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వంటి వేడి ప్రాంతాలకు అవి వర్తించవు. లండనులో శీతకాలమంతా రాత్రింబగళ్ళు ఇంటి లోపలికి, బయటకు 10 నుండి 20 డిగ్రీల తేడా ఉంటుంది. హైదరాబాదులో ఏ.సి. నడిచే గంటలలో మాత్రమే ఇటువంటి తేడా ఉంటుంది, అది కూడ 15 డిగ్రీలకు మించడం అరుదు. ఇక్కడ కిటికీ గుండా వచ్చే వేడిలో ఎక్కువ భాగం నేరుగా పడే ఎండ. పూత లేని మామూలు జంట గాజు ఎండ వేడిలో సగానికి పైగా లోపలికి వదులుతుంది. కాబట్టి ఇక్కడ గాజుల సంఖ్య కంటె ఎండను ఆపే పూత, కిటికీపై చూరు లేదా సజ్జ, పడమటి ఎండకు అడ్డుగా కట్టే తడక వంటివి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితాన్ని ఇస్తాయి. రద్దీ రోడ్ల ప్రక్కన ఉన్న అపార్ట్‌మెంట్లలో చప్పుడు తగ్గించుకొనుటకు జంట గాజు ఉపయోగపడుతుంది.